తలకు పెద్ద దెబ్బ తగిలాక ఇంటి డబ్బు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అన్నయ్య తలకు దెబ్బ తగిలిన వారానికి ఇంటి లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది. వదిన ఐసీయూ బయట కూర్చునేది, నేను కాగితాల వెంట తిరిగేవాణ్ణి. తర్వాత ఇదే అవస్థలో ఉన్న చాలామంది నాకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్నలే ఇవి. చట్టాలు దేశానికొకలా ఉంటాయి కాబట్టి సెక్షన్ల జోలికి పోవడం లేదు. ఏ దేశంలోనైనా ఎదురయ్యేవే రాస్తున్నాను.

హాస్పిటల్ బిల్లు ఎలాగో కట్టేశాం. పెద్ద ఖర్చు గట్టెక్కినట్టేనా?

లేదండీ. ఐసీయూ బిల్లు చూస్తే గుండె ఆగినంత పనవుతుంది, నిజమే. కానీ దాని కింద ‘మొత్తం’ అని ఒక అంకె ఉంటుంది. అప్పు చేసో, నగ అమ్మో అది కట్టేస్తే అక్కడితో సరి. ఇంటికొచ్చాక మొదలయ్యే ఖర్చుకే ఆ మొత్తం గీత ఉండదు. థెరపీలు, మందులు, ప్రతిసారీ బండి ఖర్చు, మనిషిని తిప్పడానికి తోడు, డయపర్లు, వీల్‌చైర్, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీలు. ఒక్కొక్కటి చూస్తే చిన్నదే. అదే సమయంలో ఒక జీతం పూర్తిగా ఆగిపోతుంది, పక్కన ఉండి చూసుకునే వాళ్ళ జీతం సగానికి పడిపోతుంది. చిల్లు కుండలో నీళ్ళు పోస్తున్నట్టు ఉంటుంది.

తలగాయాల వల్ల ప్రపంచానికి ఏటా సుమారు 40,000 కోట్ల డాలర్ల భారం పడుతోందని లాన్సెట్ న్యూరాలజీ పత్రిక కమిషన్ 2017లో అంచనా వేసింది. ఒక ఇంటి వైపు నుంచి చూస్తే మాత్రం నేను చెప్పేది ఒకటే: పోయిన డబ్బు కన్నా రావలసి ఉండి రాకుండా పోయే డబ్బే ఎక్కువ. నలభై ఏళ్ళ మనిషికి దెబ్బ తగిలితే ఇంకో ఇరవై ఏళ్ళ సంపాదన ప్రశ్నార్థకమవుతుంది. దాని ముందు ఏ సర్జరీ బిల్లూ పెద్దది కాదు.

డాక్టర్లు ‘సివియర్’ అన్నారు. ఆ మాటకీ డబ్బుకీ సంబంధం ఉందా?

ఉంది. ఆ మాట సాధారణంగా గ్లాస్గో కోమా స్కేల్ నుంచి వస్తుంది. గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే ఇద్దరు మెదడు సర్జన్లు 1974లో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో తయారుచేసిన కొలత ఇది, మనిషికి స్పృహ ఎంత ఉందో చెబుతుంది. కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. అన్నిట్లోనూ అట్టడుగున ఉన్నా 3 వస్తుంది, సున్నా ఉండదు. 8 లేదా అంతకు తక్కువైతే సివియర్, 9 నుంచి 12 మోడరేట్, 13 నుంచి 15 మైల్డ్. తర్వాత ఇన్సూరెన్స్ వాళ్ళు, లాయర్లు, పరిహారం లెక్కగట్టేవాళ్ళు అందరూ ముందు వెతికేది ఈ అంకెనే. మొదటి రోజు స్కోరు రాసిన కాగితం కాపీ తప్పకుండా దాచుకోండి.

అయితే ఆ అంకె రేపటి సంపాదనకు జాతకం కాదు. కోమాలో ఎన్నాళ్ళు ఉన్నారు, తెలివొచ్చాక కూడా రోజు విషయాలు గుర్తుండని అయోమయం ఎన్ని వారాలు సాగింది అన్నవి కూడా అంతే ముఖ్యం. ఆ అయోమయం ఎంత ఎక్కువ కాలం ఉంటే తిరిగి పనిలోకి వెళ్ళడం అంత కష్టం. ఏ రోజు నుంచి నిన్నటి సంగతి గుర్తుంచుకోవడం మొదలుపెట్టారో తేదీ రాసి పెట్టండి. ఆ తేదీ తర్వాత ఎవరూ సరిగ్గా చెప్పలేరు.

మొదటి వారంలో డబ్బు విషయంగా ఏం చేయాలి?

ఇంట్లో అందరూ హాస్పిటల్‌లో ఉండక్కర్లేదు. ఒక్కరు కాగితాల మనిషిగా ఉండాలి. దూరపు బంధువైనా పర్లేదు, ఓపికా నిజాయితీ ఉంటే చాలు.

ఆ మనిషి మొదట చూడాల్సింది ఆటోమేటిక్‌గా కోతపడే చెల్లింపులు. జీతం పడే ఖాతా నుంచే ఇన్సూరెన్స్ ప్రీమియం, ఇంటి వాయిదా, కరెంటు బిల్లు పోతుంటాయి. జీతం ఆగిన రెండో నెలకు ఖాతా ఖాళీ అవుతుంది, ప్రీమియం బౌన్స్ అవుతుంది, సరిగ్గా అవసరమైన వేళకు పాలసీ రద్దవుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

రెండోది, ఎక్కడెక్కడ కవరేజీ ఉందో వెతకడం. ఆరోగ్య బీమా ఒక్కటే కాదు. ఆఫీసు గ్రూపు పాలసీ, జీవిత బీమాకు అతికించిన వైకల్యం రైడర్, వాహనం పాలసీలో డ్రైవరుకు ఉండే ప్రమాద బీమా, క్రెడిట్ కార్డుతో వచ్చేది, లోన్‌తో పాటు అంటగట్టినది, అన్నీ చూడాలి. మా ఇంటి లోన్‌కు అలాంటి బీమా ఒకటి ఉందని ఎనిమిది నెలలకు గానీ మాకు తెలియలేదు. లోన్ కాగితాల మధ్యలో చిన్న అక్షరాల పేజీలో ఉంది. ప్రమాదం జరిగిన ఇన్ని రోజుల్లో తెలియజేయాలి అన్న గడువు అప్పటికే దాటిపోయింది. దాన్ని మళ్ళీ తెరిపించడానికి మేం రాసిన ఉత్తరాలు ఒక ఫైలు నిండాయి.

ఆఫీసు వాళ్ళు రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ త్వరగా ఇస్తామంటున్నారు.

రాయొద్దు. కనీసం ఇప్పుడే రాయొద్దు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళే వర్తించే సెలవులు, గ్రూపు బీమా, వైకల్య ప్రయోజనాలు ఉంటాయి. సంతకంతో అవన్నీ ఒకేసారి పోవచ్చు. పైగా స్పృహ సరిగా లేని మనిషి చేత సంతకం పెట్టించడమే తప్పు.

ఒకసారి ఆపరేషన్ అయ్యాక మళ్ళీ ఆపరేషన్లు ఉంటాయా?

ఉండొచ్చు. బడ్జెట్‌లో దానికి చోటు ఉంచండి. మెదడు వాపు వల్ల ఒత్తిడి పెరిగితే పుర్రెలో కొంత ఎముక తీసేస్తారు. ఆ ముక్కను ఫ్రీజర్‌లోనో, మనిషి పొట్ట చర్మం కిందో భద్రపరుస్తారు. కొన్ని వారాలకో నెలలకో దాన్ని, లేదా టైటానియం లాంటి ప్లేటును తిరిగి అమర్చాలి. అంటే ఇంకో అడ్మిషన్, ఇంకో అనస్తీషియా, ఇంకో బిల్లు. మెదడులో నీరు చేరితే దాన్ని మళ్ళించడానికి షంట్ అనే గొట్టం వేస్తారు. అది ఎప్పుడైనా మూసుకుపోతే మార్చాల్సి ఉంటుంది.

ఫిట్స్ సంగతి కూడా అడగండి. మొదటి వారంలో రాకుండా మందులిస్తారు. కానీ నెలల తర్వాత కూడా మూర్ఛ మొదలుకావచ్చు. వస్తే మందుల ఖర్చు ఒక ఎత్తు, డ్రైవింగ్, యంత్రాల దగ్గర పని, ఎత్తులెక్కే పని ఆగిపోవడం ఒక ఎత్తు. డ్రైవరుకో ఎలక్ట్రీషియనుకో అది ఏకంగా బతుకుతెరువు ప్రశ్న.

థెరపీలు తగ్గించుకుంటే కొంచెం ఊపిరి ఆడుతుంది. తగ్గించొచ్చా?

ఖర్చు తగ్గించాలంటే చివరగా ముట్టుకోవాల్సింది ఇదే, అదీ మొదటి ఏడాదిలో అయితే అసలు వద్దంటాను. కోలుకోవడం మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. ఏళ్ళ తర్వాత కూడా చిన్న చిన్న మార్పులు వస్తాయి. ఆ తొలి కాలంలో ఒక మనిషి సొంతంగా లేచి బాత్రూంకి వెళ్ళడం నేర్చుకుంటే మిగతా జీవితమంతా ఒక అటెండర్ జీతం మిగులుతుంది. ఖర్చును అలా చూడాలి.

ఎక్కువమంది ఫిజియోథెరపీకి పెడతారు, ఎందుకంటే నడక కంటికి కనిపిస్తుంది. జ్ఞాపకం, ఏకాగ్రత, ప్లానింగ్ మీద పనిచేసే థెరపీని ‘తర్వాత చూద్దాం’ అని పక్కనపెడతారు. మేమూ అదే పొరపాటు చేశాం. అన్నయ్య చక్కగా నడిచేవాడు, కానీ కరెంటు బిల్లు కట్టడానికి ఫోన్ తీసి, మధ్యలో ఎందుకు తీశాడో మర్చిపోయేవాడు. డబ్బు తక్కువుంటే, రోజూ థెరపిస్టును పిలిచే బదులు వారానికోసారి పిలిచి, ఇంట్లో చేయించాల్సినవి నేర్పించమని అడగండి. మంచి థెరపిస్టులు సంతోషంగా నేర్పుతారు.

మనిషి చూడ్డానికి బాగానే ఉన్నాడు. మరి ఉద్యోగం ఎందుకు చేయలేకపోతున్నాడు?

ఈ ప్రశ్న ఎక్కువగా అడిగేది బంధువులు, అదీ కాస్త వెటకారంగా. చెయ్యి విరిగితే కట్టు కనిపిస్తుంది. మెదడులో తెగిన దారులు ఎవరికీ కనిపించవు. దెబ్బ తిన్న మెదడు మామూలు పనికి కూడా రెట్టింపు శ్రమ పడుతుంది. మా అన్నయ్య పొద్దున తొమ్మిదింటికి ఈమెయిల్ చక్కగా రాస్తాడు. పదకొండున్నరకు అదే మనిషి రెండు వాక్యాలు చదివి కళ్ళు మూసుకుంటాడు. దాన్ని బద్ధకం అన్నవాళ్ళతో వాదించడం మానేశాను.

ఫినియస్ గేజ్ కథ ఇక్కడ పనికొస్తుంది. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం పనిలో మీటరు పైన పొడవున్న ఇనుప కడ్డీ అతని చెంప గుండా దూరి తల పైనుంచి బయటికొచ్చింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ అంతకుముందు అతన్ని సమర్థుడైన ఫోర్‌మన్ అని మెచ్చుకున్న కాంట్రాక్టర్లే మళ్ళీ ఆ పని ఇవ్వలేదు, స్వభావం అంత మారిపోయిందని డాక్టరు జాన్ హార్లో రాశాడు. ఆ కథను అందరూ అక్కడితో ఆపేస్తారు. నాకు ముఖ్యమైనది తర్వాతది. గేజ్ చిలీ వెళ్ళి కొన్నేళ్ళు గుర్రపు బండి తోలాడు. అదే దారి, అవే వేళలు. పది మందిని పురమాయిస్తూ గంటకో నిర్ణయం తీసుకునే ఫోర్‌మన్ పని పోయింది, క్రమం తప్పని పని మిగిలింది. చివరికి ఫిట్స్ మొదలై 1860లో చనిపోయాడు.

మెదడు గాయమైన వాళ్ళలో ఒకటి రెండేళ్ళకు తిరిగి పనిలోకి వెళ్ళగలిగేది సుమారు 40 శాతం మంది అని పరిశోధనలను కలిపి చూసిన సమీక్షలు చెబుతున్నాయి. వాళ్ళలోనూ చాలామంది పాత హోదాకు కాదు. కాబట్టి కంపెనీతో మాట్లాడేటప్పుడు ‘ఎప్పుడు వస్తాడు’ అన్న దాని కన్నా ‘ఏ పనికి, ఎన్ని గంటలకు’ అన్నది తేల్చుకోండి. సగం రోజు, ఒకే రకం పని, గొడవ లేని గది. జీతం తగ్గుతుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. ఒకేసారి పూర్తి డ్యూటీకి పంపితే మూడు వారాల్లో వెనక్కి పంపేస్తారు, ఆ తర్వాత ఆ తలుపు మళ్ళీ తెరుచుకోవడం కష్టం.

డబ్బు ఖర్చు పెట్టే తీరే మారిపోయింది. అడిగితే కోపం. ఏం చేయాలి?

ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. మిగతా జబ్బుల్లో శరీరం దెబ్బ తింటుంది, డబ్బు చూసుకునే బుర్ర బాగానే ఉంటుంది. ఇక్కడ దెబ్బ తిన్నదే ఆ బుర్ర.

నుదుటి వెనకున్న మెదడు భాగం ఆగడం, ఆలోచించడం, రేపటిని ఊహించడం లాంటి పనులు చూస్తుంది. తల ఎటు గుద్దుకున్నా ఆ భాగం తరచూ నలుగుతుంది. ఆంటోయిన్ బెకారా, ఆంటోనియో డమాసియో తదితర మెదడు పరిశోధకులు అమెరికాలోని అయోవాలో ఒక పేకముక్కల పరీక్ష చేసి 1994లో ప్రచురించారు. నాలుగు కట్టలుంటాయి. రెండింటిలో పెద్ద లాభం కనిపిస్తుంది, కానీ ఆడేకొద్దీ అంతకన్నా పెద్ద నష్టం. మిగతా రెండింటిలో లాభం చిన్నది, చివరికి మిగిలేది ఎక్కువ. మామూలు మనుషులు కాసేపటికి మంచి కట్టల వైపు మళ్ళారు. నుదుటి వెనక అడుగు భాగం దెబ్బ తిన్నవాళ్ళు నష్టపోతూ కూడా చెడ్డ కట్టలనే తీస్తూ పోయారు. వాళ్ళ తెలివితేటలకు లోటు లేదు. నష్టం తగిలిన చురుకు రేపటి నిర్ణయం దాకా చేరట్లేదు, అంతే.

ఇంట్లో అది ఇలా కనిపిస్తుంది. అన్నయ్య ఒకే ఇంటర్నెట్ బిల్లును ఒక రోజు మూడుసార్లు కట్టాడు. కట్టినట్టు గుర్తులేదు, కట్టాలన్నది మాత్రం గుర్తుంది. ఇంకో నెల ఒకేలాంటి హెడ్‌ఫోన్లు నాలుగు పార్సిళ్ళు వచ్చాయి. ఫోన్‌లో తియ్యగా మాట్లాడిన ఎవరికో ఓటీపీ చెప్పేశాడు. అడిగితే ‘నా డబ్బు నా ఇష్టం’ అని అరిచాడు. తనలో మార్పు వచ్చిందన్న సంగతి తనకే తెలియకపోవడం కూడా ఈ గాయం లక్షణమే, మొండితనం కాదు. దానికి వాదన మందు కాదు.

పనిచేసినవి చెబుతాను. కార్డు పరిమితి తగ్గించడం. పెద్ద మొత్తాలకు ఇంకొకరి ఆమోదం కావాలని బ్యాంకులో పెట్టించడం. షాపింగ్ యాప్‌లలో దాచిన కార్డు నంబర్లు తీసేయడం, ఆ అంకెలన్నీ మళ్ళీ కొట్టాల్సిన శ్రమే సగం కొనుగోళ్ళను ఆపింది. కొత్త అప్పు తీసుకోకుండా అడ్డుకునే ఏర్పాటు మీ దగ్గర ఉందేమో కనుక్కోండి. అన్నిటికన్నా మేలు చేసింది ‘ఒక రాత్రి ఆగుదాం’ అనే నియమం. వద్దు అనం, రేపు చూద్దాం అంటాం. పొద్దునకు చాలాసార్లు తనే మర్చిపోతాడు.

ఏటీఎం పిన్ నాకు తెలుసు. ఆయన ఖాతాలోంచి డబ్బు తీసి హాస్పిటల్‌కి కట్టొచ్చా?

అందరూ చేసే పనే, కానీ ప్రమాదం ఉంది. భార్య అయినా, తమ్ముడైనా ఆ ఖాతా మీద అధికారం ఉన్నట్టు కాదు. రేపు అత్తింటివాళ్ళకూ పుట్టింటివాళ్ళకూ మాట తేడా వస్తే ఆ విత్‌డ్రాయల్ చీటీలే మీ మీదికి వస్తాయి. జాయింట్ ఖాతా ఉంటే సమస్య చాలావరకు లేదు. లేకపోతే మేనేజరును కలిసి పరిస్థితి చెప్పి సరైన దారి అడగండి. ఈలోగా తీయక తప్పకపోతే ప్రతి పైసాకూ రసీదు ఉంచండి.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోదా?

రాసే మనిషికి తను ఏం రాస్తున్నాడో అర్థమయ్యే స్థితి ఉండాలి. గాయానికి ముందే రాసి ఉంటే, అది సామర్థ్యం పోయాక కూడా చెల్లుతుందా అన్నది మీ దేశ చట్టాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల చెల్లుతుంది, కొన్నిచోట్ల ఆ క్షణమే రద్దవుతుంది. కోమాలో ఉన్న మనిషి వేలిముద్ర తీసుకోవడం మోసం కిందికి వస్తుంది, మంచి ఉద్దేశంతో చేసినా సరే. అప్పుడు మిగిలేది కోర్టు ద్వారా సంరక్షకుడిగా నియమించుకోవడం. నెలలు పట్టొచ్చు, కాబట్టి లాయరును త్వరగా కలవండి.

సంరక్షకుడు వచ్చాడని మనిషి హక్కులు పోలేదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలోని 12వ అధికరణం సొంత ఆర్థిక వ్యవహారాలు చూసుకునే హక్కును, బ్యాంకు రుణాలు అందరితో సమానంగా పొందే హక్కును పేరు పెట్టి చెబుతుంది. నిర్ణయం లాక్కోవడం కన్నా నిర్ణయానికి సాయపడటం దాని ఉద్దేశం.

అవతలి వాళ్ళ తప్పుతో జరిగిన ప్రమాదం. రాజీకొస్తామంటున్నారు, ఒప్పుకోమంటారా?

చేతిలో డబ్బు లేనప్పుడు వచ్చే రాజీ బేరం చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. అది వాళ్ళకీ తెలుసు. కానీ ఆరు వారాలకు ఎవరూ ఈ మనిషి రేపు ఎలా ఉంటాడో చెప్పలేరు. ఒకసారి పూర్తి పరిష్కారం అని సంతకం పెడితే తర్వాత ఫిట్స్ వచ్చినా, ఉద్యోగం పోయినా మళ్ళీ అడగడం సాధారణంగా కుదరదు. కోలుకోవడం ఒక స్థాయికి వచ్చేదాకా ఆగడం మేలు. అయితే కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు మాత్రం దాటనివ్వొద్దు. ఈలోగా మధ్యంతర చెల్లింపు అడిగే వీలుందేమో లాయరుతో చూడండి.

అయిన ఖర్చులే కాదు, ముందు ముందు కావలసిన సంరక్షణ, రాని జీతం, ఇంటివాళ్ళు జీతం లేకుండా చేసిన సేవ కూడా లెక్కలో పెట్టమనండి. మా వదిన మొదటి ఏడాది రాత్రి ఎన్నిసార్లు లేచిందో చిన్న డైరీలో రాసింది, నిద్ర పట్టక రాసిన రాతలు. చివరికి ‘సేవ’ అన్న పద్దు కింద ఆ డైరీయే సాక్ష్యమైంది.

దెబ్బ తగిలింది పిల్లవాడికి. పిల్లల మెదడు త్వరగా సర్దుకుంటుంది కదా?

ఆ నమ్మకంతోనే చాలామంది తొందరపడి రాజీ పడతారు. నుదుటి వెనకున్న మెదడు భాగం ఇరవైల వయసు దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఆరేళ్ళప్పుడు కనిపించని లోటు పెద్ద క్లాసుల్లో, సొంతంగా చదువుకోవాల్సి వచ్చినప్పుడు బయటపడొచ్చు. స్కూల్లో అదనపు సాయం, ట్యూషన్, ఆలస్యంగా మొదలయ్యే సంపాదన, ఇవన్నీ ఆ రోజుకి డబ్బుగా కావాలి.

నేను ఉద్యోగం మానేసి చూసుకోవాలా, మనిషిని పెట్టాలా?

మీ జీతం, అటెండర్ జీతం పక్కపక్కన రాసి తేల్చే లెక్క కాదిది. మీరు మానేస్తే పోయేది ఈ నెల జీతమే కాదు. పెన్షన్, ఆఫీసు బీమా, ఐదేళ్ళ తర్వాత రావలసిన ప్రమోషన్. బీమా గనక మీ ఉద్యోగం మీదే ఉంటే అసలు మానొద్దు. ముందు దీర్ఘకాలపు సెలవు, తర్వాత తక్కువ గంటలు, అవేవీ కుదరకపోతేనే రాజీనామా.

అప్పుల్లో ముందు ఏది కట్టాలి?

తల మీద కప్పు, కరెంటు, మందులు, బీమా ప్రీమియం. ఆ తర్వాతే మిగతావి. గట్టిగా అరిచిన వాడికి ముందు కట్టడం అందరూ చేసే తప్పు. వాయిదా తప్పకముందే అప్పిచ్చిన వాళ్ళకు డాక్టరు సర్టిఫికెట్‌తో ఉత్తరం రాయండి.

ఎప్పటికైనా డబ్బు తన చేతికి తిరిగి ఇవ్వొచ్చా?

ఇవ్వాలి, కొంచెం కొంచెంగా. రోజువారీ పనులు మళ్ళీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును అడిగితే డబ్బు వాడకాన్ని పరీక్షించి చెబుతారు. మేం వారానికి ఒక చిన్న మొత్తంతో, విడి ఖాతాతో మొదలుపెట్టాం. దాని మీద మా అజమాయిషీ లేదు, తప్పు చేసినా ఆ వారంతోనే పోతుంది. మొదటి రెండు నెలలు మంగళవారానికే ఖాళీ. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. మొన్న శనివారం ఆ ఖాతాలో ఇంకా డబ్బుంది, పైగా నా లెక్కల పుస్తకం తెరిచి కరెంటు బిల్లు రెండుసార్లు రాశానని అన్నయ్యే పట్టుకున్నాడు.